మీ ఫ్రిజ్‌లో కాస్త చోటుందా?

ఎండాకాలంలో మామిడి తోటలు చూడ్డానికి నూజివీడు వెళ్ళొచ్చానంటే మా ఒంగోల్లో ఎవరూ వింతగా చూడరు. ఐదేళ్ళ పిల్లని వెంటబెట్టుకుని, మొగుడు తోడు లేకుండా, భుజాన ఐస్ డబ్బా తగిలించుకుని వెళ్ళానంటే కాస్త చూస్తారు. ఆ పిల్ల గంట గంటకీ చెంబెడు నీళ్ళు తాగి, గంట గంటకీ ఒంటేలుకి పరిగెడుతుందని కూడా చెబితే, "నీకేమైనా పిచ్చా?" అంటారు. మా అమ్మ సరిగ్గా అదే మాట అంది. అయినా వెళ్ళాను. రాత్రి మందు వేసి పిల్లని పడుకోబెట్టాక నాకు వెంటనే నిద్ర పట్టదు. ఆ ఖాళీలో ఇది రాస్తున్నాను, ఇలాంటి పిల్లలున్న తల్లులు ఎవరైనా చదువుతారని.

బయలుదేరే ముందు

మా లాస్యకి ఉన్న జబ్బు పేరు నోరు తిరగదు కానీ సంగతి చిన్నదే. మన అందరి మెదడు అడుగున ఒక మూల కొన్ని నరాల కణాలు వాసోప్రెసిన్ అనే పెప్టైడ్‌ని తయారు చేస్తాయి. తొమ్మిది పూసల గొలుసు లాంటిది, అంతే. అది బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథిలోకి దిగి, అక్కణ్ణుంచి రక్తంలో కలిసి కిడ్నీల దాకా పోయి ఒక కబురు చెబుతుంది: నీళ్ళు వదలకండి, దాచండి. మీ ఒంట్లో, నా ఒంట్లో ఆ కబురు పగలూ రాత్రీ వెళ్తూనే ఉంటుంది. రాత్రిపూట ఇంకాస్త ఎక్కువగా వెళ్తుంది కాబట్టే మనం తెల్లవారేదాకా లేవకుండా పడుకోగలుగుతున్నాం. లాస్య ఒంట్లో ఆ కబురు పంపేవాళ్ళు లేరు. ఎందుకు లేరో స్కానింగులో దొరకలేదు. కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి. చెప్పేవాళ్ళు లేక, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే వదిలేస్తున్నాయి. ఒళ్ళు ఎండిపోకుండా ఉండాలంటే పిల్ల తాగుతూనే ఉండాలి.

దీనికి మందుంది. అదే పెప్టైడ్‌ని కాస్త మార్చి చేసిన స్ప్రే. పొద్దునా రాత్రీ ముక్కులో కొట్టాలి. కొట్టాక కొన్ని గంటలు అందరి పిల్లల్లాగే ఉంటుంది. దాని బలం తగ్గగానే మళ్ళీ దాహం మొదలు. "దాహం వేస్తే ఆపొద్దు. వేయకపోతే బలవంతాన తాగించొద్దు. రెండూ ప్రమాదమే" అని డాక్టరుగారు చెప్పారు. సీసా చల్లగా ఉండాలని కూడా చెప్పారు.

డిగ్రీలో జువాలజీ చదివిన దాన్ని కాబట్టి దొరికిందల్లా చదివాను. ఈ పెప్టైడ్ ఒక్క నీళ్ళ కాపలాయే కాదు, రక్తపోటు పడిపోకుండా కూడా చూస్తుందట. ఎలుక జాతి జంతువుల్లో అయితే జత కట్టడంలో, పిల్లల్ని కాచుకోవడంలో, మీదికొచ్చిన వాళ్ళ మీద తిరగబడటంలో కూడా దీని చెయ్యి ఉందట. మనుషుల్లో ఆ సంగతి ఇంకా పూర్తిగా తేలలేదని రాశారు. "మన ఇంట్లో తేలిపోయింది" అంటారు మా ఆయన.

ఆయన ఆ మాట అనడానికి కారణం ఉంది. ఏప్రిల్‌లో లాస్యని ఒకటో తరగతిలో చేర్చడానికి వెళితే, ఆ బడి ప్రిన్సిపాల్ మేడమ్ నేను చెప్పిందంతా విని, చాలా మర్యాదగా, "ఆ అలవాటు మానిపించాక తీసుకురండమ్మా. ఏడాది పోతే ఏం పోయింది" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కూడా, "ఆగుదాంలే. పంపినా అది ఉంటుంది గానీ నువ్వు ఉండలేవు" అన్నారు. నిజమే. జబ్బు పేరు తెలిసిన రోజు నుంచి నేను దాన్ని వీధి చివరి కొట్టు దాటించలేదు. నిజమైన మాట కాబట్టే ఒళ్ళు మండింది.

"విస్సన్నపేటలో మీ పెదనాన్నగారి తోటకి నేనూ అదీ వెళ్తాం. నాలుగు రోజులు దాన్ని తిప్పి క్షేమంగా తీసుకొస్తే జూన్‌లో బడికి పంపాలి. తీసుకురాలేకపోతే మీరన్నట్టే ఏడాది ఆగుదాం" అన్నాను.

ఒప్పుకున్నారు. విజయవాడ నుంచే వెనక్కి వచ్చేస్తాననుకున్నారేమో.

నూజివీడు బస్సు

విజయవాడ దాకా రైలు. రైల్లో బాత్రూమ్ ఉంటుంది కాబట్టి దిగులు లేదు. అసలు పరీక్ష నూజివీడు బస్సులో మొదలైంది. ఆడవాళ్ళకి టికెట్ లేని బస్సు, ఆడవాళ్ళతోనే నిండిపోయింది. మా పక్కన రిటైరైన టీచరుగారు ఒకావిడ కూర్చున్నారు. లాస్యని చూసి ముచ్చటపడి సంచీలోంచి మామిడి తాండ్ర తీసి ముక్క తుంచి ఇచ్చారు. లాస్య అది నములుతూ సీసా ఎత్తింది. సగం సీసా దించేసరికి ఆవిడ ముఖం మారింది.

"అన్నేసి నీళ్ళు తాగనిస్తావేంటమ్మా? కడుపులో ఇక అన్నానికి చోటెక్కడ?"

"దానికి ఆరోగ్య సమస్యండి. డయాబెటిస్ ఇన్సిపిడస్ అని..."

మొదటి మాట దగ్గరే ఆగిపోయారావిడ. లాస్య చేతిలో తాండ్ర ముక్క చటుక్కున లాగేసుకున్నారు. "షుగరా? ఈ వయసులోనా? అయ్యో తల్లీ."

ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగారు. వెనక సీటు వాళ్ళు ముందుకు వంగారు. "షుగరంట" అనే మాట డ్రైవరు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. నేను ఆవిడ చేతిలో తాండ్ర తీసుకుని మళ్ళీ లాస్య నోట్లో పెట్టాను.

"షుగర్ కాదండి. పేరొక్కటే కలిసింది. పాతకాలం వైద్యులు తియ్యగా ఉండే మూత్రానికి ఒక పేరు, చప్పగా ఉండేదానికి ఒక పేరు పెట్టారు. మా పిల్లది చప్పటిది. ఈ గోల పడలేకే డాక్టర్లు ఈ మధ్య దీని పేరు మార్చేశారు."

"పేరు మారిస్తే షుగర్ పోతుందా?" అన్నారావిడ, జాలిగా.

ఆగిరిపల్లి దాటాక లాస్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దానర్థం నాకు తెలుసు. లేచి వెళ్ళి కండక్టరుని బస్సు ఆపమని అడిగాను.

"నూజివీడు వచ్చేస్తుందమ్మా. కాసేపు ఓపిక పట్టమను."

"ఓపిక దాని చేతిలో లేదండి. తర్వాత సీటు తడిస్తే నన్ననొద్దు."

అతను సీటు వంక చూసి, విజిల్ వేశాడు. మామిడి తోట కంచె పక్కన ఆగింది బస్సు. లాస్యని దించుతుంటే నా వెనకే ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. చివరికి టీచరుగారు కూడా చీర కుచ్చిళ్ళు పట్టుకుని దిగారు.

"ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా, మొహమాటం" అంది అందులో ఒకామె. "బస్సెక్కాల్సిన రోజు పొద్దుట్నుంచి చుక్క నీళ్ళు ముట్టను నేను. ఎవర్ని ఆపమంటాం?"

"నేనూ అంతే" అంది ఇంకొకామె.

కంచె వెనక నిలబడి నేను ఆలోచించాను. అక్కడున్న అందరి ఒంట్లోనూ వాసోప్రెసిన్ ఉంది, పుష్కలంగా ఉంది. దాన్ని నమ్ముకుని వీళ్ళంతా ఏళ్ళ తరబడి గొంతు ఎండబెట్టుకుని ప్రయాణాలు చేస్తున్నారు. నా కూతురికి అది లేదు కాబట్టి బస్సు ఆగింది. బస్సు ఎక్కాక టీచరుగారు సీసా అడిగి గటగటా నాలుగు గుక్కలు తాగారు. షుగర్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

సోడా కొట్టు

నూజివీడు బస్టాండులో దిగి డబ్బా తెరిచి చూస్తే ఐస్ మొత్తం నీళ్ళైపోయింది. బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. మందు సీసా ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ఇలాంటప్పుడు నా బుర్రలో అన్నీ ఒకేసారి పుడతాయి. మందు పాడైపోయినట్టు, ఈ ఊళ్ళో అది దొరకనట్టు, రాత్రికి పిల్ల కళ్ళు తేలేసినట్టు. రోడ్డవతల సోడా కొట్టు కనబడింది. అద్దాల ఫ్రిజ్ నిండా సీసాలు. కొట్టు చూసుకునే ఆమె యాభై దాటిన మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు.

"అక్కా, మీ ఫ్రిజ్‌లో కాస్త చోటుందా? ఈ మందు కాసేపు పెట్టుకోవాలి."

పరాయి ఊళ్ళో నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఆమె సీసా తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఏం మందిది, ఇంత బుడ్డిది?"

"ఒంట్లో నీళ్ళు నిలిపే మందు."

"నీళ్ళు నిలిపే మందా? ముందు మా వీధి కుళాయికి వెయ్యాలది" అని, రెండు నిమ్మ సోడాలు బయటికి తీసి వాటి చోట మా సీసా నిలబెట్టింది. "ఊరికే పెట్టను. ఆ రెండు సోడాలూ మీరు తాగాలి మరి."

తాగాం. పక్కనే యూనివర్సిటీ పిల్లలు బ్యాగులతో బస్సుకోసం నిలబడి, ల్యాబు పరీక్షల గురించి పోట్లాడుకుంటున్నారు. తోపుడు బండి మీద చిన్నరసాలు పోసి ఉన్నాయి, బండతను డజను నూటఇరవై చెప్పాడు, బేరమాడితే వందకి వచ్చాడు. అలవాటు కొద్దీ కొట్టామెని చాకు అడిగాను. మా వైపు మామిడిపండంటే కోసి ముక్కలు చేసి పళ్ళెంలో పెట్టేదే.

"రసాన్ని కోస్తారా ఎవరన్నా?" అని ఆమె నిజంగానే బాధపడింది. ఒక పండు తీసుకుని, రెండు అరచేతుల మధ్య నెమ్మదిగా పిసికి మెత్తబరిచి, తొడిమ దగ్గర చిన్నగా తుంచి, మొదట వచ్చే రెండు చుక్కల సొన పిండి పారేసి, లాస్య నోటికి పెట్టింది. "పీల్చు." లాస్య పీల్చింది. మోచేతుల దాకా కారింది. ఆ పూట నేను నీళ్ళ గురించి కాసేపు మరిచిపోయాను.

విస్సన్నపేట తోట

మా ఆయన పెదనాన్నగారు, నాకు పెద్దమావయ్యగారు, విస్సన్నపేట దాటాక తోటలోనే ఇల్లు కట్టుకుని ఉంటారు. డెబ్భై ఏళ్ళ మనిషి, నడకలో మాత్రం నేను అందుకోలేను. పెద్దత్తయ్యగారు తక్కువ మాట్లాడతారు, ఎక్కువ వడ్డిస్తారు. మామిడికాయ పప్పు, పచ్చి మామిడి కోరి కొబ్బరి వేసి నూరిన పచ్చడి, వడియాలు, చివర్న పెరుగన్నంలోకి రసం పిండుకోవడం. మా ఇంట్లో పెరుగన్నంలోకి ఊరగాయే తప్ప పండు ఉండదు. లాస్య రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. ఇంటి వెనక సిమెంటు తొట్టిలో పొద్దున్నే పళ్ళు వేసి ఉంచుతారు. నీళ్ళలో నానితే వేడి చేయదని.

సాయంత్రం మావయ్యగారు తోట చూపించారు. పొడుగాటి కర్ర చివర వల సంచీ కట్టి ఉంటుంది, చిక్కం అంటారు. దాన్ని కాయ కింద పెట్టి, ఒక్క గుంజు గుంజితే తొడిమతో సహా సంచీలో పడుతుంది. నేల మీద పడ్డ కాయని వేరుగా పెడతారు, దెబ్బ తిన్నది పండదు, కుళ్ళుతుందట. చెట్ల మొదళ్ళ చుట్టూ నేల బీటలు వారి ఉంది. బోరు మోటారు మీద గోనె కప్పి ఉంది.

"నీళ్ళు పెట్టట్లేదా మావయ్యగారూ? ఇంత ఎండలో?"

"కోత ముందు నీళ్ళు పెడితే కాయ చప్పబడుతుందమ్మా. నీళ్ళు ఆపావనుకో, చెట్టు పంతం పట్టి ఉన్న సత్తువంతా కాయలోకి తోస్తుంది. పూత ముందూ అంతే. మా నాన్న చెప్పింది, నేను చేసేది కూడా అదే. అడిగినప్పుడల్లా నీళ్ళు పోసిన చెట్టు బద్ధకంగా తయారవుతుంది."

ఆ మాట అంటూ ఆయన లాస్య వైపు చూశారు. అది నా చేతిలో సీసా లాక్కుని తాగుతోంది. నేను ఆ చూపు పట్టించుకోలేదు, చిక్కం కర్ర పొడవు చూస్తున్నాను.

తొట్టి

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక కన్నంటుకుంది. ముందు రెండు రాత్రులూ సరిగ్గా నిద్ర లేదు. మెలకువ వచ్చేసరికి నాలుగు దాటింది, పక్కలో లాస్య లేదు. కిటికీలో దాని నీళ్ళ సీసా ఉంది, నిండుగా. నేను పడుకునే ముందు ఎలా నింపి పెట్టానో అలాగే.

పొద్దున వేసిన మందు బలం ఈపాటికి దిగిపోయి ఉంటుంది. అలాంటి వేళ సీసా లేకుండా అది అంగుళం కదలదు. సీసా అందుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెనకవైపు పరిగెత్తాను. పాకలో పెద్దత్తయ్యగారు గడ్డి పరిచి కాయలు మాగేస్తున్నారు. నన్ను చూసి సంతోషంగా చెప్పారు.

"కంగారు పడకమ్మాయ్. నువ్వు పడుకున్నప్పట్నుంచి చుక్క నీళ్ళు లేకుండా ఉంచాను. రెండుసార్లు ఏడ్చింది, కథ చెప్పి మరిపించాను. నాలుగు రోజులు ఇలా చేస్తే అలవాటు అదే చస్తుంది."

"ఏదత్తయ్యగారూ అది?"

"ఇక్కడే ఉందిగా" అని ఆవిడ పక్కకి చూశారు. లేదు.

తొట్టి వైపు నుంచి చప్పుడు వినబడింది, దూడ కుడితి తాగుతున్నట్టు. లాస్య తొట్టి గట్టు మీద బోర్లా పడి ఉంది, కాళ్ళు గాల్లో. రెండు చేతులతో మామిడిపళ్ళని అటూ ఇటూ నెట్టి, మధ్యలో దొరికిన నీళ్ళలో ముఖం పెట్టి తాగుతోంది. వెనక్కి లాగితే కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి, పెదాలు పగిలి ఉన్నాయి, ఒళ్ళు కాలిపోతోంది. సీసా ఇచ్చాను. ఊపిరి తీసుకోకుండా తాగింది. తాగాక నా వంక చూసి అంది:

"అమ్మా, నీళ్ళు తాగితే చప్పబడతానంట. నేను కాయని కాదుగా."

దాని ఒళ్ళు తడిపి, తల తుడిచి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగాను.

"ఎవరు చెప్పారండీ నీళ్ళు ఆపమని?"

పెద్దమావయ్యగారు అప్పుడే తోటలోంచి వచ్చారు. "నేనేనమ్మా. మీ అత్తయ్య మీద కోప్పడకు. మంచికే చెప్పాను. ఇవాళ కాకపోతే రేపైనా మానిపించాల్సిందేగా? ఎన్నాళ్ళు దాని వెంట సీసా పట్టుకు తిరుగుతావు?"

"మీరు చేసిన పరీక్ష ఆసుపత్రిలో చేసేశారు మావయ్యగారూ" అన్నాను. "జబ్బేమిటో తెలియడానికి మొదట చేసేది అదే. నీళ్ళు ఆపి, మంచం పక్కన నర్సుని పెట్టి, గంట గంటకీ బరువు తూచారు. చుక్క నీళ్ళు లోపలికి పోలేదు. అయినా ఒంటేలు ఆగలేదు, ధారగా పోతూనే ఉంది. బరువు తగ్గిపోయింది. నేను ముఖం తుడిచిన తడి తువ్వాలు నోట్లో కుక్కుకుని పీల్చింది. అప్పుడు ఆపేశారు. దాన్ని నేను మళ్ళీ చేయనివ్వను. మీరు పెద్దవాళ్ళు, మంచికే చేశారు. అయినా చేయనివ్వను."

"మేం పిల్లల్ని పెంచలేదా అమ్మాయ్?" అన్నారు పెద్దత్తయ్యగారు.

"పెంచారండి. ఈ పిల్లని కాదు."

నేను మావయ్యగారి వైపు తిరిగాను. "మీ చెట్టుకి నీళ్ళు ఆపితే ఉన్నది దాచుకుంటుంది. దాచుకోమని దానికి ఎవరో లోపల చెబుతారు. దీనికి లోపల ఆ చెప్పేవాళ్ళే లేరు. దాచుకోవడం రానిదానికి నీళ్ళు ఆపితే ఏమవుతుంది?"

ఆయన తొట్టి గట్టు మీద కూర్చున్నారు. చాలాసేపు బీటల నేలని చూశారు. ఆయనకి మామిడితో పాటు నాలుగెకరాల మాగాణి కూడా ఉంది.

"అంటే గట్టు తెగిన మడన్నమాట" అన్నారు చివరికి.

"అవునండి."

"గట్టు తెగినప్పుడు నీళ్ళు కట్టేస్తే మడి ఎండుతుంది గానీ గట్టు దానంతటది పూడదు." మళ్ళీ ఆగారు. "మరి ఆ ముక్కులో కొట్టేది?"

"అదే గట్టు. కొన్ని గంటల గట్టు. రోజూ మళ్ళీ వేసుకోవాలి."

ఆయన లేచి ఇంట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచి ఆ సీసాని తీసి చూశారు. జాగ్రత్తగా మళ్ళీ అక్కడే పెట్టారు. సారీ అనలేదు. నేనూ ఎదురుచూడలేదు.

వెనక్కి వెళ్ళిపోవాలా అని ఆ సాయంత్రం నేను అనుకోలేదంటే అబద్ధం. ఫోన్ తీసి మా ఆయన పేరు దాకా వెళ్ళాను. చెబితే ఏమంటారో తెలుసు. ఏడాది ఆగుదాం అంటారు. కానీ జరిగింది పిల్లని బయటికి తేవడం వల్ల కాదు, బయటివాళ్ళకి తెలియకపోవడం వల్ల. ఇంట్లో దాచిపెడితే వాళ్ళకి ఎప్పటికి తెలుస్తుంది? ఫోన్ పక్కన పెట్టేశాను.

లాస్య మూతి చుట్టూ సొన పొక్కులు లేచాయి, తొట్టి నీళ్ళ పుణ్యం. కొబ్బరినూనె రాశాం. పొద్దున్నే లేచి చూస్తే వసారాలో ఒక చెంబు, మంచం దగ్గర ఒక చెంబు, పాకలో ఒక చెంబు, మూడింటికీ మూతలు. పెద్దత్తయ్యగారు నాతో మాట్లాడలేదు. గోడతో అన్నట్టు అన్నారు: "తొట్టి నీళ్ళు తాగే ఖర్మ ఎవరికీ వద్దు."

చింతలపూడి

ఈ వైపు ఒక పద్ధతి ఉంది. తోటలో తొలి కోత పళ్ళు మార్కెట్టుకి పోకముందే ఆడపిల్ల అత్తవారింటికి బుట్ట వెళ్ళాలి. వెళ్ళకపోతే ఆ పిల్ల ఏడాదంతా మాట పడుతుందట. మావయ్యగారి అమ్మాయిని చింతలపూడి ఇచ్చారు. గడ్డి పరిచిన బుట్టలతో పాటు మేమూ ట్రాలీ ఆటో ఎక్కాం. దారిలో మూడుసార్లు ఆపాల్సి వచ్చింది. మూడుసార్లూ ఆపమని అరిచింది నేను కాదు, మావయ్యగారు.

వియ్యపురాలుగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. బుట్టలు దించీ దించకముందే మావయ్యగారు అడిగారు: "చెల్లెమ్మగారూ, మీ ఫ్రిజ్‌లో కాస్త చోటుందా?"

"పళ్ళు ఫ్రిజ్‌లో ఎందుకన్నయ్యగారూ?"

"పళ్ళకి కాదు, మా మనవరాలి మందుకి. ఈ పిల్లకి గట్టు తెగిందండి."

"అయ్యో, ఎక్కడ తెగింది? నడుమా?"

"మెదడులో."

ఆవిడ లాస్య తల మీద చెయ్యి పెట్టి తడిమి చూశారు. "మెదడులో గట్టు కూడా ఉంటుందా?"

"అందరికీ ఉంటుంది. మీకూ ఉంది, నాకూ ఉంది. అదే లేకపోతే మీరీపాటికి ఇలా నిలబడి మాట్లాడలేరు, పెరట్లోకి పరిగెత్తేవారు" అని మొదలుపెట్టి, నేను చెప్పినదానికి సగం తన మడి సంగతులు కలిపి, ఒక నరం కూడా అదనంగా చేర్చి చెప్పారు. తప్పులు దిద్దుదామని నోరు తెరిచి మూసుకున్నాను. ముఖ్యమైన మాట మాత్రం ఆయన తప్పకుండా చెప్పారు: "దాహమంటే ఆపకూడదు. వద్దంటే పొయ్యకూడదు. అంతే."

వియ్యపురాలుగారు ఫ్రిజ్ తెరిచి ఇబ్బందిగా నా వైపు చూశారు. "కోడి కూర ఉందమ్మా లోపల. నీసు పక్కన మందు పెట్టొచ్చా?"

"పెట్టండి. దానికి మడీ ఆచారం లేవు."

ఆ మధ్యాహ్నం పిల్లలంతా వాకిట్లో ఆడుకున్నారు. లాస్య మధ్యమధ్యలో వచ్చి తాగి పోతోంది. ఎవరూ లెక్క పెట్టలేదు. నేను కూడా పెట్టలేదు. చివరి రోజు తిరుగు బస్సులో ఒకాయన, "పిల్లకి అన్ని నీళ్ళు మంచిది కాదమ్మా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే లాస్య చెప్పేసింది. "నాకు గట్టు తెగింది. తాతయ్యకి తెలుసు. మీకు తెలీదు." ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఒంగోలు

పెట్టె నిండా రసాలు, పిల్ల మూతి చుట్టూ మానుతున్న పొక్కులు, చేతిలో ఐస్ డబ్బా. మా ఆయన స్టేషనుకొచ్చి ముందు పిల్లని చూశారు, తర్వాత పొక్కుల్ని, తర్వాత నన్ను. జరిగిందంతా చెప్పాను, తొట్టి సంగతితో సహా. దాచితే నేను గెలిచినట్టు కాదు. ఆయన ఇంటి మెట్లెక్కుతూ, "బడికి సీసా పెద్దది కొనాలి" అన్నారు.

బడి తెరిచాక లాస్యని తీసుకుని ప్రిన్సిపాల్ మేడమ్ గదికి వెళ్ళాను.

"అలవాటు మానిందా అమ్మా?" అని అడిగారావిడ, ఏప్రిల్‌లో ఉన్నంత మర్యాదగానే.

"లేదండి. అది అలవాటు కాదు, మానదు. మానదని రాసిచ్చిన డాక్టరుగారి కాగితం ఇదిగో. పొద్దున మందు నేనే వేసి పంపుతాను. అది అడిగినప్పుడు నీళ్ళు తాగనివ్వాలి, అడిగినప్పుడు బాత్రూమ్‌కి పంపాలి. ఎప్పుడైనా మందు ముందే దిగిపోతే నేను వచ్చి వేస్తాను, ఇంట్లోంచి నడిచి వచ్చేంత దూరమే. నేను అందుబాటులో లేకపోతే మీరే వెయ్యాలి, అందుకు ఒక సీసా ఇక్కడ ఉండాలి."

"ఇక్కడంటే?"

"స్టాఫ్ రూమ్‌లో ఫ్రిజ్ ఉంది కదండీ, అందులో కాస్త చోటు కావాలి."

ఆవిడ కాగితం తీసుకోలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మాకిలాంటి బాధ్యతలు..."

"నూజివీడులో సోడాలమ్మే ఆమె నా పేరు కూడా అడక్కుండా ఇచ్చిందండి. చింతలపూడిలో ఒకావిడ కోడి కూర పక్కన ఇచ్చింది. ఇది బడి."

నేను కూర్చోలేదు. కూర్చుంటే వెళ్ళిరమ్మంటారని తెలుసు. మందు సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. లాస్య తన కొత్త సీసా మూత తిప్పి, ఆవిడ ముందే, నింపాదిగా తాగడం మొదలుపెట్టింది. గదిలో ఆ గుటకల చప్పుడే ఉంది. అది తాగడం అయ్యేదాకా ఆవిడ చూశారు. సగం సీసా అయ్యాక మూత పెట్టి, మోచేత్తో మూతి తుడుచుకుని, "బాత్రూమ్ ఎటు మేడమ్?" అని అడిగింది.

ఆవిడ చేత్తో ఎడమవైపు చూపించారు. అది వెళ్ళింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం దగ్గరకు లాక్కుని చదివారు. తర్వాత గుమ్మం వైపు తిరిగి ఆయాని కేక వేశారు.

"సుశీలా, ఫ్రిజ్‌లో నా పెరుగు గిన్నె కాస్త పక్కకి జరుపు."